వానాకాలంలో బొర్రా, వంజంగి, మారేడుమిల్లి: కెమెరాకి తేమ తగలకుండా ఏం చేయాలి?

తూర్పుకొండ · ఆగస్టు 3, రాత్రి 9:12

వచ్చే నెల రెండో వారంలో తొమ్మిది రాత్రుల ప్రయాణం. విశాఖ నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ రైలు బోగీలో బొర్రా గుహలు, అరకు. తర్వాత కారులో పాడేరు, వంజంగి, చివర్న మారేడుమిల్లి. మూడు రాత్రులు ఏసీ గది, రెండు రాత్రులు టెంటు, మిగతావి మామూలు లాడ్జి.

సామాను: ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ ఒకటి, 24-70, 100-400 జూమ్ లెన్సులు, జూమ్ లేని 35 ప్రైమ్ లెన్సు, ట్రైపాడ్. బాడీకీ రెండు జూములకీ వెదర్ సీలింగ్ (నీరు చొరకుండా సందుల్లో రబ్బరు పట్టీలు) ఉంది. బ్యాగులో షాపువాళ్లు ఇచ్చిన, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగున్నాయి. అవి చాలా? ఇంకేమైనా కొనాలా? పెద్ద హార్డ్ కేసు మాత్రం మోయలేను.

లెన్సు_గూడు · ఆగస్టు 3, రాత్రి 10:05

ముందు రెండు జబ్బుల్ని విడదీసి చూడండి. వాటి మందులు వేరు.

ఒకటి చెమ్మ పట్టడం. చల్లగా ఉన్న కెమెరా వేడి తడిగాలిలోకి రాగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకి పట్టినట్టు నిమిషంలో పట్టేస్తుంది. రెండోది ఫంగస్. చుట్టూ గాలిలో తేమ 65-70 శాతం పైన రోజుల తరబడి నిలిస్తే లెన్సు లోపల మొలుస్తుంది. సిలికా జెల్ రెండోదానికే మందు. మొదటిదానికి కిలో సిలికా ఉన్నా లాభం లేదు. అక్కడ పని చేసేవి జిప్ కవరు, ఓపిక.

ఇక మీ నాలుగు పొట్లాలు. అవి షాపులోనే పీల్చాల్సింది పీల్చేసి ఉంటాయి. తాజావే అయినా బ్యాగు గుడ్డలోంచి, జిప్పులోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. ఆ బ్యాగులో సిలికా వేయడమంటే కిటికీలన్నీ తెరిచి ఏసీ వేసుకోవడమే. సిలికా పెట్టేది గాలి చొరని డబ్బాలో, లేదా రెండు వరసల జిప్పున్న మందపాటి కవరులో.

చెమ్మ పడుతుందో లేదో ముందే తెలుసుకునే లెక్క ఒకటుంది. 100లోంచి గాలిలో తేమ శాతాన్ని తీసేయండి. మిగిలినదాన్ని 5తో భాగించండి. వచ్చిన అంకెని బయటి ఉష్ణోగ్రతలోంచి తీసేస్తే డ్యూ పాయింట్ వస్తుంది. బడి పుస్తకాల్లో దీన్నే తుషార బిందువు అనేవారు. విశాఖలో సాయంత్రం 30 డిగ్రీలు, 80 శాతం అనుకోండి. 20ని 5తో భాగిస్తే 4. ముప్ఫైలో నాలుగు పోతే 26. మీ కెమెరా 26 డిగ్రీలకన్నా చల్లగా ఉంటే తడుస్తుంది, వెచ్చగా ఉంటే తడవదు. ఏసీ 22లో పెట్టుకుని పడుకున్న గదిలోంచి తెస్తే తప్పకుండా తడుస్తుంది. 27లో పెట్టుకుంటే అసలు సమస్యే లేదు. తేమ 50 శాతం పైన ఉన్నప్పుడే ఈ లెక్క నమ్మకం. మీరు వెళ్లే చోట్ల సెప్టెంబరులో 50కి దిగడం అరుదు లెండి.

దోహా_డైరీ · ఆగస్టు 3, రాత్రి 11:20

ఖతర్‌లో ఆగస్టులో డ్యూ పాయింట్ 30 దాటే రోజులుంటాయి. గదులు, కార్లు, మాల్స్ అన్నీ 22లో ఉంటాయి. కాబట్టి ఇక్కడ కెమెరా పట్టుకున్న ప్రతివాడికీ ఈ వరస అలవాటే:

1. బయల్దేరే గంట ముందు, ఇంకా ఏసీ గదిలో ఉండగానే, బాడీని లెన్సుతో సహా జిప్ కవరులో పెట్టి గాలి పిండేసి మూయండి. మూత పడాల్సింది గదిలోనే. తలుపు దాటాక మూస్తే లోపల తడిగాలిని బంధించినట్టు అవుతుంది.

2. ఆ కవరుని బ్యాగులో పెట్టకుండా చేత్తో పట్టుకెళ్లండి, లేదా నీడన ఉన్న బాల్కనీలో పెట్టండి. మెత్తటి బ్యాగు చలిని పట్టి ఉంచుతుంది. బయటపెడితే అరగంటలో వెచ్చబడే కెమెరాకి బ్యాగులో రెండు గంటలు పట్టొచ్చు.

3. కవరు పైన చెమట పడుతుంది. అది మంచిదే, ఆ నీరు కెమెరా మీద పడాల్సింది. పైన పూర్తిగా ఆరిపోయి, ముట్టుకుంటే లోపలి లోహం చల్లగా తగలకపోతే అప్పుడు తెరవండి.

బాడీ, 24-70 కలిపి 30 నుంచి 45 నిమిషాలు. 100-400 లాంటి బరువైనదానికి గంట, గంటన్నర. ఎంత గాజు ఉంటే అంతసేపు.

తొందరపడి ముందే తీసేసి చెమ్మ పడితే? తుడవొద్దు, మళ్లీ పడుతుంది, పైగా గీతలు. లెన్సు మాత్రం విప్పొద్దు. విప్పారంటే ఆ చెమ్మే సెన్సర్ మీద పడి, ఆరాక చుక్కలుగా మిగులుతుంది. ముందు యూవీ ఫిల్టర్ ఉంటే అది తీసేయండి. ఫిల్టర్‌కీ గాజుకీ మధ్య ఇరుక్కున్న చెమ్మ ఎంతకీ పోదు.

ఓరుగల్లు_క్లిక్స్ · ఆగస్టు 4, ఉదయం 7:31

అన్నా, గింత లెక్కలెందుకు? బియ్యం డబ్బాల పెడితే అయిపాయె. తడిస్తే హెయిర్ డ్రయ్యర్ కొట్టుడే. సిలికా దొరకని ఊళ్లె ఏం జేస్తరు?

లెన్సు_గూడు · ఆగస్టు 4, ఉదయం 8:15

తమ్ముడూ, ఆ రెండూ వద్దు.

బియ్యం తేమ పీల్చడం అబద్ధం కాదు. కానీ బస్తాలో ఉన్నప్పుడే వాటిలో పన్నెండు పదమూడు శాతం నీరుంటుంది. వానాకాలం వంటింట్లో అవి గదిలో తేమతో సమానమైపోయి కూర్చుంటాయి, కొత్తగా పీల్చేది స్వల్పం. తవుడు మాత్రం జూమ్ రింగు సందుల్లోకి, లెన్సు బాడీకి తగిలే మౌంటులోకి దూరుతుంది. ఫంగస్‌కి పిండి పెట్టి పెంచినట్టే.

హెయిర్ డ్రయ్యర్ గాలి నీటిని బయటికి లాగదు, సీళ్ల సందుల్లోంచి ఇంకా లోపలికి తోస్తుంది. ఆ వేడికి ఫోకస్ మరల గ్రీజు పల్చబడి, వెలుతురుని అదుపు చేసే అపర్చర్ రేకుల మీదికి పాకితే అవి అతుక్కుంటాయి. అప్పుడు లెన్సు విప్పాల్సిందే.

సిలికా లేని ఊళ్లో ఏసీ గది దొరికితే 26-27లో పెట్టి, కెమెరాని బల్ల మీద తెరిచి ఉంచండి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఏసీ నడుస్తున్నంతసేపూ గదిలో నీరు బయటికి పోతూనే ఉంటుంది. కరెంటు పోయిందా, గంటలో మళ్లీ తేమ పెరుగుతుంది, అప్పుడు డబ్బాలోకి.

కర్పూరం, కలరా ఉండలు వేసేవాళ్లు కూడా ఉన్నారు. అవి పురుగులకి. ఆ ఆవిరి గాజు మీద పొరలా దిగుతుంది.

నీలిగింజ · ఆగస్టు 4, మధ్యాహ్నం 1:40

సిలికా లెక్కలు నేను చెప్తాను.

పది లీటర్ల డబ్బా తీసుకోండి. నాలుగు వైపులా బిగించే మూత, సిలికాన్ రబ్బరు పట్టీ ఉన్న వంటింటి ప్లాస్టిక్ డబ్బా చాలు. మీ బాడీ, మూడు లెన్సులు అందులో పట్టేస్తాయి, హార్డ్ కేసు బరువులో నాలుగోవంతు ఉండదు. కొనేముందు పరీక్ష: లోపల టిష్యూ కాగితం పెట్టి మూసి, బకెట్ నీళ్లలో పది నిమిషాలు అదిమి పట్టండి. కాగితం పొడిగా ఉంటే డబ్బా మంచిది.

27 డిగ్రీలు, 85 శాతం తేమలో పది లీటర్ల గాలిలో ఉండే నీరు సుమారు 0.22 గ్రాములు. దాన్ని 45 శాతానికి దించాలంటే తీయాల్సింది 0.1 గ్రాము. సిలికా జెల్ 40-45 శాతం తేమ దగ్గర తన బరువులో ఐదోవంతు దాకా నీటిని పట్టుకుంటుంది. అంటే 100 గ్రాములకి 20 గ్రాములు.

గింజలు కిలో లెక్కన ల్యాబ్ సామాను, రసాయనాలు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. నీలం గింజలు వద్దు. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, విషం, తేమ పీల్చాక గులాబీ రంగుకి మారుతుంది. నారింజ రంగువి తీసుకోండి, నిండాక ఆకుపచ్చకి తిరుగుతాయి. తెల్లవాటిలో పావువంతు నారింజ గింజలు కలిపినా చాలు, చూపించడానికే కదా.

పల్చటి పాలిస్టర్ గుడ్డతో సంచులు కుట్టి, ఒక్కోదానిలో 50 గ్రాములు పోయండి. రెండు కుట్లు వేయండి, పొడి రాలకూడదు. సంచి మీద పొడి బరువు మార్కర్‌తో రాయండి. రంగుకన్నా తూకం నమ్మకం: 50 ఉన్నది 60కి వచ్చిందంటే దాని పని అయిపోయింది.

ఆరబెట్టడం: ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల మధ్య, పళ్లెంలో ఒకే పొరగా పరిచి రెండు గంటలు. 120 దాటితే నారింజ రంగు చచ్చిపోతుంది, తర్వాత నిండిందో లేదో తెలియదు. గ్యాస్ మీద బాణలిలో వేయించొద్దు, వేడికి అదుపుండదు. వంట పాత్రలు అసలే వద్దు. వేడిగా ఉండగానే స్టీలు డబ్బాలో మూసి చల్లార్చండి. బయట పళ్లెంలో చల్లార్చితే అక్కడే మళ్లీ పీల్చేసుకుంటాయి. చాలామంది తప్పు ఇక్కడే.

తొమ్మిది రోజులకి ఎనిమిది సంచులు. నాలుగు డబ్బాలో, మిగతా నాలుగు ఒక్కోటి విడి జిప్ కవరులో. మొత్తం 400 గ్రాములు.

అలమారాల్లో వేలాడదీసే తేమ పీల్చే సంచులు కెమెరా దరిదాపుల్లోకి రానివ్వొద్దు. అవి కాల్షియం క్లోరైడ్, పీల్చేకొద్దీ ఉప్పునీరై కింద జమవుతుంది. దారిలో సంచి చిరిగిందంటే ఆ నీరు లోహాన్ని తినేస్తుంది.

ఓరుగల్లు_క్లిక్స్ · ఆగస్టు 4, మధ్యాహ్నం 2:02

నువ్వే గాలిల నీళ్లు పావు గ్రామే అంటివి. మరి నాలుగొందల గ్రాముల సిలికా ఎందుకే?

నీలిగింజ · ఆగస్టు 4, మధ్యాహ్నం 2:25

మంచి ప్రశ్న. తేమ గాలిలో తక్కువ, గుడ్డలో ఎక్కువ.

నూలు గుడ్డ 65 శాతం తేమలో తన బరువులో 8 శాతం దాకా నీరు పట్టి ఉంచుతుంది. నైలాన్ 4 శాతం. పాలిస్టర్ అర శాతం కూడా కాదు. కెమెరా బ్యాగు లోపలి గోడలు, పట్టీలు కలిపి 200 గ్రాముల నైలాన్ అనుకున్నా ఎనిమిది గ్రాముల నీరు. వానాకాలం 90 శాతంలో ఇంకా ఎక్కువ. చేతికి పొడిగానే తగులుతుంది. అందుకే బ్యాగుని బ్యాగులాగే పెద్ద కవరులో పెట్టి నాలుగు పొట్లాలు వేస్తే, ఆ సిలికా అంతా బ్యాగుని ఆరబెట్టడంలోనే చచ్చిపోతుంది.

డబ్బాలోకి గాజు, లోహం, ప్లాస్టిక్ మాత్రమే వెళ్లాలి. మెడపట్టీ ఊడదీయండి, తోలుదైతే మరీ ముఖ్యం. లెన్సుకి షాపులో ఇచ్చిన గుడ్డ సంచీ వద్దు. నూలు తువ్వాలులో చుట్టడం అన్నిటికన్నా చెడ్డది. గీతలు పడతాయని భయమైతే పాలిస్టర్ మైక్రోఫైబర్ గుడ్డ, అదీ పొడిది.

రాళ్లుప్పు · ఆగస్టు 4, సాయంత్రం 6:48

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఒకటి డబ్బాలో పడేయండి. చవకవి ఐదారు శాతం తప్పు చూపిస్తాయి, కానీ ఆ తప్పెంతో ఇంట్లోనే కనుక్కోవచ్చు.

సీసా మూతలో ప్యాకెట్ ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీటి చుక్కలు వేయండి. నీరు తేలకూడదు. ఆ మూతనీ మీటరునీ పక్కపక్కన జిప్ కవరులో పెట్టి, గాలి కొంచెం ఉంచి మూసి, ఎనిమిది గంటలు కదపకండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపిస్తే, ఎప్పుడు చూసినా 5 కలుపుకోండి.

నా పేరు చూసి రాళ్లుప్పు వాడకండి. దానిలో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి, అంకె తప్పుతుంది.

డబ్బాలో లక్ష్యం 40 నుంచి 50. ప్రయాణంలో 30కి పడిపోయినా కంగారు లేదు. నెలల తరబడి అలా ఉంచితేనే రబ్బరుకీ గ్రీజుకీ మంచిది కాదు.

నక్షత్రాల_వేట · ఆగస్టు 4, రాత్రి 8:30

వంజంగిలో తెల్లవారుజామున వేరే చిక్కు. కెమెరా ఏసీలోంచి రాకపోయినా ముందు గాజు మంచుకి తడుస్తుంది. కారణం ఆకాశం. తెరిపిగా ఉన్న ఆకాశం వైపు తిరిగిన గాజు తన వేడిని పైకి వదిలేస్తూ, చుట్టూ గాలికన్నా చల్లబడిపోతుంది. గాలి అప్పటికే 95 శాతం తేమతో ఉంటుంది కాబట్టి ఒక్క డిగ్రీ తగ్గినా చాలు.

లెన్సు హుడ్ పెట్టండి, గాజుకి కనిపించే ఆకాశం తగ్గుతుంది. ట్రైపాడ్ మీద ఖాళీగా ఉన్నప్పుడు లెన్సుని కిందికి వంచండి. టైమ్‌లాప్స్ తీస్తుంటే యూఎస్‌బీ లెన్సు హీటర్ పట్టీ కావాలి. అది ముందు గాజు చుట్టూ, ఫోకస్ రింగు తగలకుండా చుట్టాలి. ఐదు వాట్ల పట్టీకి 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఐదారు గంటలొస్తుంది. చెమ్మ పట్టాక కాదు, ట్రైపాడ్ మీద పెట్టగానే వేయాలి. సన్నని వేడి చాలు, ఎక్కువ పెడితే లెన్సు ముందు గాలి కదిలి బొమ్మ పదును పోతుంది.

ఇంకో మాట. పొగమంచులో 100-400 జూమ్ ముందుకీ వెనక్కీ ఎక్కువ ఆడించకండి. గొట్టం సాగే లెన్సు సైకిల్ పంపులా తడిగాలిని లోపలికి లాగుతుంది. వెదర్ సీలింగ్ నీటి చుక్కని ఆపుతుంది, ఆవిరిని కాదు.

గోదారి_గట్టు · ఆగస్టు 4, రాత్రి 9:44

సీలింగ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతానండి. కానన్ ఎల్ లెన్సుల్లో కొన్నింటికి ముందు ఫిల్టర్ పెడితేనే సీలింగ్ పూర్తవుతుంది. మీ లెన్సు పుస్తకంలో ఆ మాట ఉందేమో చూసుకోండి. మీ 35 ప్రైమ్‌కి సీలింగ్ ఉందని మీరు రాయలేదు, కాబట్టి వానలో దాన్ని బయటికి తీయకండి. బాడీ ఎంత గట్టిదైనా మౌంటు దగ్గర నీరు దిగుతుంది.

మారేడుమిల్లి వైపు జలపాతాల దగ్గర తుంపర పడితే ఈ వరస: ఆపేసి, కెమెరాని లెన్సు కిందికి ఉండేలా పట్టుకుని పొడి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. సాగిన జూముని అలాగే ఉంచి గొట్టం ఆరాకే వెనక్కి తేండి. తడిగా ఉండగా మూస్తే ఆ నీటిని మీరే లోపలికి తోసినట్టు. లెన్సు మూత తడిసి ఉంటే తిరిగి పెట్టకండి. జేబులో వేసుకోండి.

నీళ్లలో పడితే వేరే సంగతండి. ఆన్ చేసి చూద్దామనిపిస్తుంది, చేయొద్దు. బ్యాటరీ, కార్డు తీసి, తలుపులన్నీ తెరిచి, 200 గ్రాముల పొడి సిలికాతో డబ్బాలో పెట్టి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాత సర్వీసు సెంటరుకే. ఆన్ అయినా వెళ్లాలి, తుప్పు నెమ్మదిగా మొదలవుతుంది.

తూర్పుకొండ · ఆగస్టు 5, ఉదయం 6:55

అందరికీ థాంక్సండీ. విస్టాడోమ్ ఏసీ బోగీ కదా, దిగగానే బొర్రా. అక్కడ గంట ఆగే తీరిక ఉండదేమో?

పొగబండి · ఆగస్టు 5, ఉదయం 9:10

బోగీలో కూర్చోగానే కెమెరాని జిప్ కవరులో పెట్టేయండి. ఆ దారిలో సొరంగాలు చాలా ఉన్నాయి. గాజులోంచి తీసే ఫొటోలకి ఫోన్ చాలు, ఫోకస్ కుదిరేలోపు ఇంకో సొరంగం వచ్చేస్తుంది. స్టేషన్ నుంచి గుహల దాకా వెళ్లి, టికెట్టు తీసుకుని, మెట్లు దిగేసరికి కవరు చేతిలో ఉంటే కెమెరా చాలావరకు వెచ్చబడిపోతుంది.

గుహలో రెండు చూసుకోవాలి. పైనుంచి కారే చుక్కలు సున్నపురాయిలోంచి వచ్చేవి. గాజు మీద ఆరితే తెల్ల మరక, బావి నీళ్ల బకెట్‌కి పట్టినట్టు పట్టుకుంటుంది. పడిన వెంటనే మంచినీటితో కొద్దిగా తడిపిన గుడ్డతో తీసేయాలి. రెండోది బయటికి వచ్చేటప్పుడు. లోపల చల్లన, బయట వెచ్చన, మళ్లీ ఏసీ గది కథే. ద్వారం దగ్గరికి వచ్చేముందే కవరులోకి.

కారులో బ్యాగుని ఏసీ గాలి వచ్చే చోట పెట్టకండి. సెడాన్ అయితే డిక్కీలో పెట్టొచ్చు. ఎస్‌యూవీ డిక్కీ క్యాబిన్‌తో కలిసే ఉంటుంది కాబట్టి లాభం లేదు. ఘాట్ రోడ్డులో వ్యూ పాయింటుకి అరగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దింపేస్తే సరిపోతుంది. ఎండ కాసే రోజు ఆగి ఉన్న కారు డిక్కీలో మాత్రం వదలకండి, బ్యాటరీలకి మంచిది కాదు.

రాళ్లుప్పు · ఆగస్టు 5, ఉదయం 10:02

విశాఖలో బీచ్‌కి వెళ్తారు, తప్పదు కదా. సముద్రపు గాలిలో ఉప్పు కెమెరా మీద కనిపించకుండా దిగుతుంది. నేను చెప్పిన 75 అంకె ఇక్కడా పనిచేస్తుంది: తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు గాలిలో నీటిని పీల్చి తనంతట తనే కరుగుతుంది. అంటే కెమెరా మీద రాత్రంతా ఉప్పునీరే.

గదికి రాగానే గుడ్డని మంచినీటిలో ముంచి గట్టిగా పిండి బాడీ, లెన్సు గొట్టం, ఫ్లాష్ తగిలించే హాట్ షూ తుడిచి, వెంటనే పొడి గుడ్డ పట్టండి. ముందు గాజుని మాత్రం బ్లోయర్‌తో ఊదాకే తుడవండి, ఇసుక రేణువు ఉంటే గీత పడిపోతుంది. ట్రైపాడ్ కాళ్లు తడి ఇసుకలో దిగితే ఆ రాత్రే కింది గొట్టాలు విప్పి మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. అల్యూమినియం బిగుసుకుపోయాక విప్పడం నరకం.

తూర్పుకొండ · ఆగస్టు 6, రాత్రి 10:18

పది లీటర్ల డబ్బా కొన్నాను, బకెట్ పరీక్ష గట్టెక్కింది. మీటరు 4 తక్కువ చూపిస్తోంది. 50 గ్రాముల సంచులు ఎనిమిది కుట్టించాను.

ప్లాను ఇది: ఏసీ గదిలో 27. లాడ్జిలో రాత్రి డబ్బా. టెంటులో డబ్బాకి చోటు ఉండదు, అందుకని ఆ రెండు రాత్రులూ బాడీని, లెన్సుల్ని జిప్ కవర్లలో గాలి పిండి మూసేసి నిద్రపోతాను. డబ్బా కారులో ఉంటుంది. సరేనా?

నీలిగింజ · ఆగస్టు 6, రాత్రి 10:50

కాదండీ. అక్కడే దెబ్బ తింటారు.

సాయంత్రం టెంటులో 25 డిగ్రీలు, 90 శాతం అనుకోండి. లెన్సు_గూడు గారి లెక్క ప్రకారం డ్యూ పాయింట్ 23. మీరు ఆ గాలినే కవరులో మూశారు. ఎంత పిండినా లెన్సు చుట్టూ, లెన్సు లోపలా గాలి ఉంటుంది. తెల్లవారుజామున 20కి దిగితే ఆ కవరులోనే, మీ గాజు మీదే చెమ్మ పడుతుంది. బయటికి పోవడానికి దారి కూడా ఉండదు. ఏసీ గదిలో కవరు పనిచేసింది అక్కడి గాలి పొడిది కాబట్టి.

ప్రతి కవరులో ఒక పొడి సంచి పడాలి. బాడీకి ఒకటి, లెన్సుకొకటి. నిద్రపోయే ముందు రెండు గంటలైనా ఉండాలి, లెన్సు లోపలి తేమ మెల్లగానే వస్తుంది. విడిగా మూసి తెచ్చుకున్న నాలుగు సంచులూ ఈ రెండు రాత్రులకే.

లెన్సు_గూడు · ఆగస్టు 6, రాత్రి 11:15

డబ్బాని కారులో వదలకుండా టెంటులోకి తెచ్చుకుని, బట్టల బ్యాగు కారులో పెడితే ఇంకా సులువు. పది లీటర్లంటే తలగడంత.

తిరిగొచ్చాక చేయాల్సినవి కూడా ఇప్పుడే రాసుకోండి. కెమెరా బ్యాగుని ఖాళీ చేసి, లోపలి గోడలు పీకి, ఎండలో ఒక పూట. ముక్క వాసన వస్తే ఇంకో పూట. ఆ వాసన పోయేదాకా లెన్సులు తిరిగి అందులోకి వెళ్లకూడదు.

ఇప్పుడు బయల్దేరే ముందు ఒకసారి, వచ్చిన మూడు వారాలకి ఒకసారి టార్చి పరీక్ష చేయండి. లెన్సు రెండు మూతలూ తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, చీకటి గదిలో వెనక నుంచి ఫోన్ లైటు ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది, దాన్ని వదిలేయండి. సాలెగూడులా కొమ్మలు వేసిన సన్నటి గీతలుంటే ఫంగస్. అది వదిలే ఆమ్లం గాజు మీది పూతని తినేస్తుంది. మొదట్లోనే తుడిపిస్తే పోతుంది, ఆలస్యమైతే తుడిచాక కూడా మచ్చ మిగులుతుంది. ఎండలో పెడితే పోతుందంటారు. పెరగడం ఆగొచ్చు కానీ గీత పోదు. లోపలి గాజులైతే మీరు విప్పకండి, తిరిగి బిగించేటప్పుడు కేంద్రం తప్పుతుంది.

ఓరుగల్లు_క్లిక్స్ · ఆగస్టు 7, ఉదయం 7:05

ఇంట్ల రెండు లెన్సులు చూసిన. ఒకదాంట్ల కొమ్మల లెక్క ఉన్నది. పక్కదానికి అంటుతదా?

లెన్సు_గూడు · ఆగస్టు 7, ఉదయం 7:40

బీజాలు గాలిలో అన్నిచోట్లా ఉంటాయి తమ్ముడూ, అంటడంకన్నా తేమే ముఖ్యం. ఒకదానికి వచ్చిందంటే రెండోదీ అదే అలమారాలో అదే తేమలో ఉంది. తుడిపించేదాకా దాన్ని విడి డబ్బాలో సిలికాతో పెట్టు. బాగున్నదాన్ని ఇవాళే బియ్యంలోంచి తియ్యి.